దేవిడీ కమానుకు కలిపిన సున్నం

శాలిబండ, హైదరాబాదు
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడు సీమోనుకు,

ప్రభువు పేర నీకు వందనాలు చెప్పి అన్న డానియేలు రాస్తున్న సంగతులు. ఇంట్లో అందరం తింటున్నాం, తిరుగుతున్నాం, ఎవరి పనులకు వాళ్ళం పోతున్నాం. నువ్వు ఒంటికి ఏ నలతా లేకుండా ఉన్నావని శ్రవణ్‌కుమార్ నోటి వెంట విన్నాక అమ్మ స్థిమితపడింది.

శ్రవణ్‌కుమార్ పోయిన శనివారం కార్వాన్ నుంచి పనిగట్టుకుని మన ఇంటికి వచ్చాడు. నీ ఉత్తరం, ఖర్జూరాలు, అమ్మకు దుప్పటి, ఎల్లమ్మకు నొప్పుల మందు డబ్బాలు నాలుగు, అన్నీ ముట్టాయి. మంచి మనిషి. చాయ్ తాగినంతసేపూ నీతో కలిసి పనిచేసే సంగతులే చెప్పాడు. సెలవు అయిపోయింది, మంగళవారం అతని విమానం. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. దీన్ని నీ సెలవు రోజున మాత్రమే నీకు ఇవ్వమని గట్టిగా చెప్పాను. అద్దాలు తుడుస్తూ తాడు మీద వేలాడే మనిషివి, పనికి పోయే ముందు చదవదగిన ఉత్తరం కాదు ఇది. భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలోనే ‘పోనీలే అన్నా’ అని ఆపేస్తావు. కాగితాన్ని అట్లా ఆపలేవు, అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మకు కంటి ఆపరేషన్ బాగానే అయింది. నువ్వు పంపిన ఫోటోను మా వీణ ఫోన్‌లో పెద్దది చేసి చూపిస్తే, నీ వెనుక అద్దాల్లో మబ్బులు కూడా కనబడుతున్నాయంది. నువ్వు ఎంత ఎత్తున ఉన్నావో మాత్రం ఆమెకు ఎవరమూ సరిగ్గా చెప్పలేదు. చార్మినార్‌కు పది పదిహేను రెట్లు అని వీణ అనబోతే నేను కళ్ళతో ఆపాను. మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. చర్చికి మాత్రం ఆటోలో వస్తోంది.

చార్మినార్ ముందు బండ్లు నిజంగానే ఆపేశారా అని అడిగావు. చుట్టూ బండలు పరిచి నడిచేవాళ్ళకే వదిలారు. గాజుల వాళ్ళు, పండ్ల బండ్లవాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు. పోయిన ఏడాది నేను మూడు నెలలు దాని మీదే గచ్చు పని చేశాను. పైకి ఎక్కి చూస్తే మన గల్లీ మలుపు కనబడుతుంది. నాలుగు వందల ముప్పై ఏళ్ళు దాటిన కట్టడం. తాపీ పెట్టే ముందు ఒక్క నిమిషం చేయి ఆగుతుంది. అంతకుమించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు, పని పనే.

వీణ ఏం చదువుతోందో సరిగ్గా అర్థం కాలేదని రాశావు. ఆర్కిటెక్చర్, మూడో సంవత్సరం. ఇల్లు కట్టే ముందు దాన్ని కాగితం మీద కట్టే చదువు అని అమ్మకు చెప్పాను, నీకూ అదే చెబుతున్నాను. ఈసారి కాలేజీలో వాళ్ళకు ఒక పని ఇచ్చారు. ప్రపంచంలో పేరుపడిన కట్టడాల్లో పాతది ఒకటి, కొత్తది ఒకటి తీసుకోవాలి. కట్టించిన రాజుల గురించి కాకుండా, వాటిని ఇప్పటికీ చూసుకుంటున్న పనివాళ్ళ గురించి రాయాలి. తోటి పిల్లలు పిరమిడ్లు, తాజ్‌మహల్, పారిస్‌లో ఉన్న ఇనుప గోపురం ఇట్లాంటివి తీసుకున్నారు. మనది చార్మినార్‌ను, మీ బుర్జ్ ఖలీఫాను తీసుకుంది. “పాతది మా డాడీది, కొత్తది మా బాబాయ్‌ది” అని కాలేజీలో చెప్పి వచ్చిందట. నీకు ఫోన్‌లో పంపిన ప్రశ్నలన్నీ అందుకే. పైనుంచి కిందిదాకా ఒకసారి తుడవడానికి మూడు నెలలు పడుతుందని, కింద అయిపోయేసరికి పైన మళ్ళీ దుమ్ము పట్టి ఉంటుందని నువ్వు చెప్పిన మాటను అట్లాగే రాసుకుంది.

కొన్నాళ్ళు ఇంట్లో అన్నాల దగ్గర ఇదే ముచ్చట. చైనా గోడకు సున్నంలో బియ్యపు గంజి కలిపారట. రోములో ఒక పాత గుడి గుమ్మటం, ఇనుప ఊచ ఒక్కటి కూడా లేకుండా, పంతొమ్మిది వందల ఏళ్ళుగా నిలబడి ఉందట. అందులోనూ సున్నమే, అగ్నిపర్వతం బూడిదతో కలిపింది.

“మనం బెల్లం, కరక్కాయ నీళ్ళు పోస్తం. వాళ్ళు గంజి పోసిండ్రు. గంతే కదా డాడీ తేడా?” అంది వీణ.

“గంతే. సున్నాన్ని నాననిచ్చుడు, ఆరనిచ్చుడు, గది మాత్రం అందరికీ ఒక్కటే. తొందర పడితె ఏ దేశంల అయినా ఊడి పడ్తది” అన్నాను.

అన్నాక కంచం ముందు నుంచి లేచిపోయాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను. నువ్వు ఉత్తరం చివర అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే.

‘మన దేవిడీ కమాను బాగుచేస్తున్నారని విన్నాను, నిజమేనా అన్నా? నా చేత్తో చేసింది ఏదీ నిలబడలేదు, అందుకే ఎవరో కట్టినదాన్ని తుడిచే పనిలో కుదురుకున్నాను’ అని రాశావు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నిజమే, బాగుచేస్తున్నారు. నవాబుల కాలం నాటి ఆ భవంతిని వారసులు అమ్మకుండా, దేవిడీ ముందు భాగాన్ని నిలబెట్టాలని ఒప్పుకున్నారు. ఫిబ్రవరి నుంచి పని నడుస్తోంది. పాత కట్టడాలను బాగుచేయించే కీర్తిప్రియ అనే ఆర్కిటెక్టు చేతిలో ఉంది పని. ముప్పై, ముప్పై రెండేళ్ళు ఉంటాయి. చెక్క సుత్తితో గోడను తట్టి, చెవి పెట్టి వింటుంది, డాక్టరు రోగిని చూసినట్టు. పెద్ద మేస్త్రిగా నన్ను పెట్టుకుంది. కాలేజీ లేని రోజుల్లో వీణ పని నేర్చుకోవడానికి అక్కడికే వస్తోంది.

కమాను పైన ఇరవై ఏళ్ళ కిందట మనం గచ్చుతో చేసిన పూలపట్టీలో ఎడమ సగం ఆనాడే పడిపోయింది కదా. కుడి సగం ఇన్నేళ్ళూ ఉంది. ఏప్రిల్‌లో ఒక ఉదయం కీర్తిప్రియ పరంజా ఎక్కి దాన్ని తట్టింది. డొల్ల శబ్దం వచ్చింది. వీణ చేతికి ఉలి ఇచ్చి అంచు నుంచి ఒక ముక్క తీయమంది. ముక్క ఊడి వచ్చింది. వీణ దాన్ని రాతికి కొట్టి విరిచింది.

“డాడీ, ఇది సున్నం కాదు. లోపల బూడిదరంగు చూడు. సిమెంట్.”

కీర్తిప్రియ చేతిలోకి తీసుకుని చూసింది. “అవును. కింద పాత సున్నం, దాని మీద సిమెంట్ పొర. ఈ రెండూ కలవవు. మధ్యల నీళ్ళు నిలిచినయ్. ఊడిపోక ఏం చేస్తది?” అంది. తర్వాత నా వైపు తిరిగి, “మేస్త్రీ గారూ, ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ పని చేసింది ఎవరో తెలుసా మీకు?” అని అడిగింది.

దేవిడీ కాపలాదారు అంజన్న నీకు గుర్తుండే ఉంటాడు. కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపు అతనే చెప్పాడు. “సీమోను, మేడం. ఈ మేస్త్రి తమ్ముడే. సున్నం గాయననే కలిపేటోడు. గిప్పుడు దుబాయ్‌ల ఉన్నడు.”

వీణ నా ముఖం చూసింది. “బాబాయ్ సిమెంట్ కలిపిండా?”

“మస్తు రోజులాయె బిడ్డా. యాదికి లేదు” అన్నాను.

నీ మీద పడే మాటను అడ్డుకోకుండా వదిలేయడం నాకు అది రెండోసారి. మొదటిసారి ఇరవై ఏళ్ళ కిందట.

పది రోజుల తర్వాత వీణ ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పని అయిపోయాక దేవిడీ దగ్గర పెట్టే బోర్డుకు, ఒక చిన్న పుస్తకానికి రాసిన చరిత్ర. కట్టిన సంవత్సరం, కట్టించినవాళ్ళు, మధ్యలో జరిగిన మరమ్మతులు. కింద ఇట్లా ఉంది: ‘ఇరవై ఏళ్ళ క్రితం సీమోను అనే మేస్త్రి సున్నంలో సిమెంటు కలపడం వల్ల పూలపట్టీ సగం కూలింది. ఒక కూలి మహిళ శాశ్వతంగా కుంటిదయింది.’ టైపు చేసింది వీణే.

“మేడంని అడిగి బాబాయ్ పేరు తీసేపిద్దామా డాడీ? ఆయన చూస్తె బాధపడ్తడు. పేరు లేకున్నా నడుస్తది కదా” అంది.

సీమోనూ, ఆ నిమిషం నాకు దారి దొరికింది. పేరు తీసేస్తే అయిపోతుంది. నీ మీద మచ్చ అచ్చు కాదు. నా మీద ఎవరికీ అనుమానం రాదు. నా బిడ్డ మనసులో నేను నేనుగానే ఉంటాను. సరే తీసేయి అనడానికి నోరు కూడా తెరిచాను. కానీ ఆ పిల్ల నీ కోసం అంత దిగులుగా అడుగుతుంటే ఆ మాట బయటికి రాలేదు.

“తియ్యొద్దు. మార్చాలె” అన్నాను. “గా పేరు కాడ నా పేరు రాయి.”

ఇప్పుడు నీకు చెబుతున్నాను. వీణకు చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా.

ఆ ఏడాది జూన్ మొదటి వారం. దేవిడీలో పెళ్ళి. శుక్రవారంలోపు కమాను పని అయిపోవాలని గుత్తేదారు రోజూ వచ్చి అరిచేవాడు. సున్నం పూత పొర పొరకూ ఆరాలి. లెక్క ప్రకారం ఇంకా ఇరవై రోజులు పడుతుంది. మనకు ఉన్నవి ఐదు. నువ్వు ‘గిట్ల తొందర పడితె నిలవది అన్నా, పెళ్ళి ఐనంక చేద్దాం’ అన్నావు. నేను వినలేదు. నాకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. మొదటిసారి పెద్ద మేస్త్రి అని పిలిపించుకుంటున్నాను. ఆ పేరు పోతుందని భయం.

సోమవారం పొద్దున నిన్ను కరక్కాయల కోసం బేగంబజార్ పంపాను. గుర్తుందా? కరక్కాయలు ఇంకా అర బస్తా ఉన్నాయి. నువ్వు చూడకూడదనే పంపాను. దేవిడీ వెనుక స్నానాల గదులు కట్టడానికి తెచ్చిన సిమెంటులోంచి రెండు బస్తాలు తెప్పించి, నువ్వు నానబెట్టి ఉంచిన సున్నంలో కలిపించాను. నువ్వు వచ్చేసరికి ఎడమ వైపు పట్టీ పెట్టేశాం, పైన తెల్లసున్నం పూసేశాం. కుడి వైపుకు నువ్వే ఎక్కి సాయం పట్టావు. సున్నం ఇంత త్వరగా పట్టుకుందేంది, రంగు మారిందేంది అన్నావు. ఎండ అన్నాను, ఇసుక వేరు అన్నాను. గుత్తేదారు తొందరపెట్టిన మాట నిజం, కానీ సిమెంటు వేయమని అతను అనలేదు. ఆ తెలివి నాదే.

పెళ్ళి అయింది. ఫోటోలు కూడా ఆ కమాను కింద దిగారు. మూడో వారంలో పెద్ద వాన. మర్నాడు పొద్దున ఎల్లమ్మ కింద ఊడుస్తుంటే ఎడమ సగం ఆమె కాలి మీద పడింది. మూడు వేళ్ళు తీసేశారు, మడమ మళ్ళీ వంగలేదు. గుత్తేదారు వచ్చి అందరినీ నిలబెట్టి, “చూనా కిస్నే మిలాయా?” అని, సున్నం కలిపింది ఎవరని అడిగాడు. నువ్వు ఒక అడుగు ముందుకు వేసి, “మైనే మిలాయా సాబ్” అన్నావు. నువ్వు నిజమే చెప్పావు, నీకు తెలిసినంతవరకు. సున్నం ఎప్పుడూ నువ్వే కలిపేవాడివి. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయనక్కర లేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ, ఎట్లా జరిగింది అని అడిగింది. “వాడు సరిగ్గ నాననియ్యలేదమ్మా” అన్నాను. నువ్వు అప్పుడు ఆసుపత్రిలో ఎల్లమ్మ దగ్గర ఉన్నావు. అమ్మ నీతో తర్వాత ఏమేమి అన్నదో నీకు తెలుసు. ఆరు నెలలకు నువ్వు తాపీ మూలన పెట్టి దుబాయ్ పోయావు. పోయేముందు కూడా, ‘ఎన్ని రోజులు నానబెట్టిన్నో నాకే లెక్క తప్పిందేమో అన్నా’ అన్నావు. లెక్క తప్పలేదు. నువ్వు నలభై రోజులు నానబెట్టావు. నాకు తెలుసు.

వీణ మొత్తం విన్నది. ఏడవలేదు. “మేడంకి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?” అని అడిగింది. నేనే చెప్తానన్నాను. ఆ రోజే చెప్పాను.

కీర్తిప్రియ ముందు అంతా తన పుస్తకంలో రాసుకుంది. తర్వాత, “సిమెంట్ చెడ్డది కాదు మేస్త్రీ గారూ. మీ తమ్ముడు తుడిచే టవర్ నిలబడ్డది దాంతోనే. ఎక్కడ వాడకూడదో అక్కడ వాడినరు, అది దాచిపెట్టినరు” అంది. పని నుంచి తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు. కానీ ఇకనుంచి సున్నం కలిపేటప్పుడు నేనొక్కడినే ఉండకూడదని, ఇంకో మేస్త్రి చూసి సంతకం పెట్టాలని రాసి పెట్టింది. నలభై ఏళ్ళ పని తర్వాత నా చేతి మీద ఒక కాపలా. కాదనలేదు. రోజూ అట్లాగే జరుగుతోంది.

తర్వాత ఆమె నన్ను కమాను లోపలికి తీసుకుపోయింది. కాపలావాళ్ళు కూర్చునే అరుగు పైన సగం గుమ్మటంలాగా ఒక గూడు ఉంటుంది, గుర్తుందా? పెళ్ళి తొందర మొదలుకాక ముందు దాన్ని నువ్వు ఒక్కడివే చేశావు, పదహారు రోజులు. నేను ఆ పక్కకు కూడా రాలేదు. ఆమె చెక్క సుత్తితో దాన్ని నాలుగు చోట్ల తట్టింది. నిండు కుండను తట్టినట్టు వచ్చింది శబ్దం.

“ఇది ఎవరిది?” అంది.

“నా తమ్మునిది.”

ఆమె తన పుస్తకంలో ఆ గూడుకు ఎదురుగా ‘గట్టిగా ఉంది, మరమ్మతు అవసరం లేదు’ అని రాసుకుంది. ఆ పేజీని వీణ ఫోటో తీసి ప్రింటు తీయించింది. ఈ ఉత్తరంలో పెట్టాను, చూసుకో. వేలితో తడిమితే ఆ గూడు ఇప్పటికీ గాజులా నునుపుగా ఉంది.

ఇక ఎల్లమ్మ. ఆమె ఇప్పుడు జల్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటోంది, అరవై గజాల ప్లాటులో రెండు గదులు. నువ్వు పంపే మందు డబ్బాలు ఎప్పుడూ నేనే తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి, ‘సీమోను పంపిండు’ అని చెప్పి, ఆమె పోసిన చాయ్ తాగి వచ్చేవాణ్ణి. శ్రవణ్‌కుమార్ ఈ నాలుగు డబ్బాలు తెచ్చిన మర్నాడు, చర్చి అయ్యాక షేర్ ఆటో ఎక్కి పోయాను. గడపలో కూర్చుని మసాలా దుకాణానికి ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. కాలు ముందుకు చాచి ఉంది.

“ఎల్లమ్మా, ఒక ముచ్చట చెప్పాలె” అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. అయిపోయాక తల ఎత్తింది.

“గా రెండు బస్తాలు స్నానాల గదుల కాడి నుంచి ఎవరు మోసుకొచ్చిండ్రనుకున్నవ్ మేస్త్రీ?”

“ఎవరు?” అన్నాను.

“నేనే. నువ్వే తెమ్మన్నవ్. మర్సిపోయినవా?”

నిజంగానే మరిచిపోయాను సీమోనూ. సిమెంటు గుర్తుంది, నిన్ను పంపడం గుర్తుంది. ఆ బస్తా మోసిన మనిషి మాత్రం గుర్తులేదు. ఆ మనిషి కాలి మీదే అది పడింది.

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే?” అన్నాను.

“ఎవరడిగిండ్రు నన్ను? నీ తమ్ముడొచ్చి మంచం కాడ కూసొని ఏడిసిండు. చెప్దామనుకున్న. నువ్వు ఎన్కనే నిలబడ్డవ్. గాయనకు అన్నవి కదా, నువ్వే చెప్తవని చూసిన. చెప్పకపోతివి. గా తర్వాత నా బిడ్డకు నీ కాడనే పని దొరికె. నోరు తెరిస్తె గది పోతదని ఊకున్న. గంతవరకు నా తప్పే, నేను కాదన్న.” మరో ఎల్లిగడ్డ తీసుకుంది. “గీ ఇరవై ఏండ్లల్ల నువ్వు డబ్బా పట్టుకొని వచ్చినప్పుడల్లా, ఇయ్యాల చెప్తడేమో అని చాయ్ పెట్టిన.”

“తప్పయింది ఎల్లమ్మా.”

“నీ తమ్మునికి చెప్పినవా?”

“ఇంకా లేదు.”

“తెల్సినదానికొచ్చి చెప్పవడ్తివి. తెల్వనోనికి చెప్పు ముందుగాల. చెప్పేదాంక గీ డబ్బాలు నా ఇంటికి తేకు. పాపం గాయన నన్ను తల్సుకొని పంపుతుండు, తను చెయ్యని పనికి. గవి రాసుకుంటె నొప్పి పోతదా?”

డబ్బాలు నా సంచిలో తనే పెట్టింది. చాయ్ పోయలేదు. ఆ సంచి పట్టుకుని ఆటో దాకా నడిచి వచ్చాను. ఇన్నాళ్ళూ ఆమెకు తెలియదనే ధైర్యంతో ఆ ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఆ డబ్బాలు నా ముందు బల్ల మీదే ఉన్నాయి. నువ్వు ఈ ఉత్తరం చదివినట్టు కబురు వచ్చాకే మళ్ళీ జల్‌పల్లి పోతాను.

ఇంట్లో సంగతి కూడా రాస్తాను. మీ వదినకు చెప్పాను. రెండు రోజులు అన్నం మాత్రం పెట్టింది. మూడో రోజు, సీమోను పెళ్ళికి చూసిన సంబంధం ఆ గొడవ విని వెనక్కి పోయింది, అది గుర్తుందా అని ఒక్కటే అడిగింది. గుర్తుంది. వీణ కాలేజీలో తన వ్యాసం చదివింది. నీ పేరూ నా పేరూ రెండూ ఉన్నాయట. నా గురించి ఏం రాశావని అడిగాను. “జరిగింది రాసిన” అంది. నాతో పనిలో మామూలుగానే ఉంటుంది. ఇంట్లో కొంచెం తక్కువ మాట్లాడుతుంది. అది తనకు తోచినన్నాళ్ళు ఉండనీ. దేవిడీ బోర్డుకు రాసిన కాగితంలో పేరు మారింది. అంజన్నకు కూడా నేనే చెప్పాను. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక, నాతో కలిసి నిన్ను తప్పుపట్టిన మన వాళ్ళు నలుగురిని కూర్చోబెట్టి చెబుతాను.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నీ గుణం నాకు తెలుసు. తొందరపడకు. కోపం వస్తే రానీ. ఫోన్ చేసి తిట్టాలనిపిస్తే తిట్టు, వింటాను. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే వీణకు చెయ్యి. వచ్చే నెలలో ఊడిన పట్టీ కొత్తగా పెట్టే పని మొదలవుతుంది, ఈసారి సున్నంతోనే. నిన్ను రమ్మని పిలిచే ముఖం నాకు లేదు. సంగతి మాత్రం తెలియజేస్తున్నాను.

ఇంతవరకు రాసి అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు విడిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, ఇట్లా ఉత్తరంలో కలిపి చదివేశాను. సగంలో కళ్ళద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. చివరికి, “నా మాట గూడ రాయి” అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“సీమోనూ, బిడ్డా. వాడు చెప్తె నేను నమ్మిన. నిన్ను ఒక్క మాట అడగకుండనే నమ్మిన. నువ్వు పోయేనాడు, నీ చేతులు సక్కగ లేవు, గందుకే ఒకదాని కాలు పోయిందని అన్న. నువ్వు చేతులు ఎన్కకు పెట్టుకొని నిలబడ్డవ్. గది వాడు అనుమంటె అన్నది కాదు. నేనే అన్న.”

అంతే చెప్పింది. కలం ఇమ్మని అడిగి తీసుకుంది. సంతకం ఒక్కటే వచ్చు ఆమెకు, నీకు తెలుసు. చాలాసేపు పట్టింది పెట్టడానికి.

ఇట్లు,
సిమెంటు కలిపిన నీ అన్న,
డానియేలు

సుగుణమ్మ